ఒహాయో నుంచి వచ్చిన చప్పుడు

నర్సింగం చెవి గురించి మెదక్‌లో చెప్పుకునే మాటల్లో సగం కోతలు, సగం నిజం. రాందాస్ చౌరస్తాలో బస్సు మలుపు తిరుగుతుంటే తన షెడ్డులో కూర్చునే "దానికి మూడో నాజిల్ పోయింది" అన్నాడంటారు. అది కోత. పొడుగాటి స్క్రూడ్రైవరు, అదే వాళ్ళ మాటలో పేచ్‌కస్, దాని మొనను ఇంజన్ మీద ఆనించి, పిడిని చెవికి అదుముకుని కళ్ళు మూసుకున్నాడంటే మాత్రం రోగం బయటపడాల్సిందే. ఇది నిజం. ముప్పై రెండేళ్ళుగా డీజిల్ ఇంజన్లు తప్ప ఇంకో లోకం ఎరగని మనిషి. పెట్రోలు బండి తెస్తే చూడకుండానే పక్క షెడ్డుకు పంపేవాడు.

ఆ చెవికి, తెలంగాణ వచ్చిన ఏడాది వానాకాలం చివర్లో, అమెరికా నుంచి పని వచ్చింది. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. అమెరికాలో అప్పటిదాకా డీజిల్ అంటే లారీలే. మామూలు జనం ఆఫీసుకు పోయే కార్లన్నీ దాదాపు పెట్రోలువే. ఆమధ్యే అక్కడి షోరూముల్లో డీజిల్ కార్లు పెరగసాగాయి. ఏడాదికి నాలుగు కొత్త రకాలు దిగుతున్నాయి. మైలేజీ చూసి మోజుపడి కొంటున్నారు. కొన్న మూడో రోజు పొద్దున్నే చలిలో స్టార్టు చేసి, ఆ దడదడ విని బెంబేలెత్తి, కారును తిరిగి షోరూముకే తోలుకొస్తున్నారు. అక్కడి మెకానిక్కుల్లో చాలామంది పెట్రోలు వాసన మధ్యే పెరిగినవాళ్ళాయె. ఏది డీజిల్ సహజంగా చేసే రొదో, ఏది జబ్బో వాళ్ళకూ అంతంత మాత్రమే. మన దగ్గర సర్వీసు జీపు ఎక్కే ముసలమ్మకు కూడా తెలిసిన సంగతి అది.

హైదరాబాదులో ఒక కంపెనీ ఈ కిటుకు పట్టుకుంది. అక్కడి షోరూమువాళ్ళు కారు చప్పుడును ఫోనులో రికార్డు చేసి పంపుతారు. ఇక్కడ చెవి ఉన్న మెకానిక్కు విని, మామూలు చప్పుడా, రిపేరా, ఏ భాగానిదో చెబుతాడు. కంపెనీ తరఫున హర్షిత్ అనే అబ్బాయి మెదక్ వచ్చి, నర్సింగాన్ని పది చప్పుళ్ళతో పరీక్షించి, పదీ సరిగ్గా చెప్పేసరికి నోరు తెరిచి, ఒక లాప్‌టాప్, నెట్ డాంగిల్, హెడ్‌ఫోన్లు ఇచ్చి వెళ్ళాడు. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నా చేతిలో పేచ్‌కస్ లేనిదే నర్సింగానికి సరిగ్గా వినిపించేది కాదు. ఏ ఇంజనుకూ ఆనకుండా, ఊరికే ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు.

జవాబు ఇంగ్లీషులో పంపాలి. నర్సింగం ఇంగ్లీషు ఫిల్టరు, గాస్కెట్ల దగ్గరే ఆగిపోతుంది. అందుకని అతను తెలుగులో చెబుతుంటే యాదలక్ష్మి టైపు చేసేది. యాదలక్ష్మి అతని చనిపోయిన తమ్ముడు పరమేశ్ భార్య. ఆ ఇంట్లోనే వెనక గదిలో ఉంటుంది. బస్టాండు దగ్గర జిరాక్స్ షాపులో పొద్దుటి పూట దరఖాస్తులు టైపు చేసి, మధ్యాహ్నం రెండింటికి ఇంటికొచ్చి లాప్‌టాప్ ముందు కూర్చుంటుంది. నర్సింగం భార్య తన తల్లికి బాగాలేదని పుట్టింటికి ఎల్దుర్తి పోయి పది రోజులైంది. నర్సింగం ముసలి తల్లి యాదవ్వ వాకిట్లో మంచం మీద కూర్చుని మక్కజొన్న కంకులు ఒలుచుకుంటుంది. మధ్యాహ్నాలు అలా గడిచిపోయేవి.

ఇక్కడ ఒక సంగతి చెప్పకపోతే ముందుకు పోలేను.

అప్పటికి ఆరేళ్ళ కిందట పరమేశ్ సెకండ్ హ్యాండ్ జీపు కొన్నాడు, మెదక్ నుంచి నర్సాపూర్‌కు ప్యాసింజర్లను తిప్పుకుందామని. ఇంజన్ మొత్తం విప్పి బిగించింది నర్సింగమే. దసరా పొద్దున పూజ చేశారు. బంతిపూల దండలు, ఏడుపాయల అమ్మవారి కుంకుమ, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. జీపు నిమ్మకాయల్ని తొక్కుకుని ముందుకొచ్చి వాకిలి దగ్గర ఒక్క నిమిషం ఆగింది, యాదలక్ష్మి సద్ది గిన్నె అందించడానికి. ఆ నిమిషంలోనే నర్సింగానికి వినిపించింది, ఇంజన్ అడుగున, బేరింగు కొడుతున్న చప్పుడు. రెండు దెబ్బలు కొడుతుంది, మూడోది మింగేస్తుంది. చెయ్యి లేచింది. 'దిగరా' అన్న మాట నాలుక దాకా వచ్చింది. కానీ పూజ అయి నిమ్మకాయలు తొక్కిన బండిని ఆపి మనిషిని దించడం అపశకునం. పండుగ పూట, తల్లి పక్కనే హారతి పళ్ళెంతో నిలబడి ఉంది. సాయంత్రం వచ్చాక విప్పి చూద్దాంలే అనుకున్నాడు. చెయ్యి దించేశాడు. "పోయొస్తనే అన్నా" అని పరమేశ్ వెళ్ళిపోయాడు. నర్సాపూర్ అడవి మలుపులో ఇంజన్ పట్టేసి జీపు ఉన్నచోటే నిలిచిపోయింది. వెనక లారీ వస్తోంది.

పరమేశ్ దినాల నాడు యాదలక్ష్మి ఏడుస్తూ అంది, "చప్పుడొస్తుందని నేను జెప్పిన. రెండు గొడుతుంది, మూడోది మింగుతుంది అని ఆయినెకు జెప్పిన." చుట్టాలందరూ నర్సింగం మొహం వైపు తిరిగారు. మెదక్‌లో అంత చెవి ఇంకెవరికుంది మరి? నర్సింగం తల వంచుకుని, "నాకేం ఇనరాలే. బండి మంచిగనే ఉండె" అన్నాడు.

ఆ రెండు ముక్కలతో అంతా అయిపోయింది. చప్పుడే లేదంటే, లేని చప్పుడును బయల్దేరే మగని ముందు అన్నది ఎవరు? నోట చెడ్డమాట తీసిందెవరు? ఆ రోజు నుంచీ యాదలక్ష్మి నోరు మంచిది కాదన్నారు. ఇంట్లో ఎవరు ఊరికి బయల్దేరినా ఆమె వెనక గదిలోకి పోవాలి. యాదవ్వ కోడలితో మాట్లాడటమే మానేసింది. యాదలక్ష్మి మొదట్లో ఏడ్చేది. తర్వాత తర్వాత, ఎవరైనా చెప్పులు వేసుకుంటుంటే తనే లేచి లోపలికి పోవడం అలవాటు చేసుకుంది. నర్సింగం ఇదంతా రోజూ చూస్తూనే ఉన్నాడు. పాడు మనిషి కాదు. కానీ ఒకసారి ఆడిన అబద్ధాన్ని వెనక్కి తీసుకునే ధైర్యం పాడు కాని మనుషులకూ ఉండదు.

ఇప్పుడు ఒహాయో సంగతి.

చప్పుళ్ళ పని మొదలై మూడు వారాలైంది. ఆ రోజు వచ్చిన వాటిలో నాలుగోది ఒహాయో రాష్ట్రం నుంచి. కొత్త కారు, ఐదు వందల కిలోమీటర్లు కూడా తిరగలేదు. నర్సింగం కళ్ళు మూసుకుని విన్నాడు. పైన డీజిల్ సహజమైన దడదడ. దాని అడుగున, దూరంగా, టంగ్, టంగ్, ఖాళీ. టంగ్, టంగ్, ఖాళీ.

పేచ్‌కస్ ఒళ్ళోంచి జారి కింద పడింది.

"ఏమైంది బావా?" అంది యాదలక్ష్మి.

"ఏం గాలే. మామూలు చప్పుడే అని రాయి."

అలా అనక ఏమంటాడు? ఆ చప్పుడు ఎలా ఉందో చెప్పాలంటే, ఆరేళ్ళ కింద ఆమె అన్న మాటల్నే ఆమెతో టైపు చేయించాలి. కొత్త కారులో బేరింగు చప్పుడు రాదు. ఒకవేళ వస్తే? ఎక్కడో ఒహాయోలో ఎవరో ఆ కారెక్కి పోతారు, తను మళ్ళీ నోరు మూసుకున్నాడు. ఆ ఆలోచనతో తెల్లవారింది.

మర్నాడు టెక్సాస్ నుంచి వచ్చినదానిలో మళ్ళీ అదే. ఈసారి చప్పుడు దగ్గరగా ఉంది. ఇంజన్ స్టార్టు కాగానే, ఆ చప్పుడు కన్నా ముందు, మెత్తటిదేదో టైరు కింద పడి చితికింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నర్సింగం వెనక్కి పెట్టించి మళ్ళీ విన్నాడు. నాలుగే. మూడో రోజు వచ్చినదానిలో కొబ్బరికాయ పగిలింది. హారతి గంట కూడా ఉంది, ఆ పాత ఇత్తడి గంట, నాలుక ఒక పక్కకు వంగిపోయి బొంగురుగా మోగేది. అది వాళ్ళింటి గంటే. ప్రతిసారీ "మామూలే" అనే రాయించాడు.

చెవులు చెడాయేమోనని దవఖానకు పోయాడు. డాక్టరు యంత్రం పెట్టి చూసి, "నీ చెవులు నా చెవుల కన్నా మంచిగున్నయి పెద్దాయినా, పోయి పని చేసుకో" అన్నాడు. హర్షిత్‌కు ఫోను చేశాడు.

"అమెరికాల మనోళ్ళు గూడ కార్లు కొంటున్నరు గదా బేటా. పూజలు చేస్తున్నరా ఏంది? గంటలు ఇనొస్తున్నయి."

"అంకుల్, ఆ కారు ఓనర్ పేరు మార్గరెట్" అని నవ్వాడు హర్షిత్. "జర రెస్టు తీస్కోండ్రి."

రెస్టు తీసుకుంటే యాదలక్ష్మి అడుగుతుంది. అసలు ఆమె అప్పటికే గమనిస్తోంది. మూడు రోజులుగా బావ పేచ్‌కస్ జారవిడవడం, "మామూలే" అని మరీ తొందరగా అనడం, అన్నీ చూస్తూనే ఉంది. జిరాక్స్ షాపులో దొంగ సంతకాల దరఖాస్తులు ఎన్ని చూసిన మనిషి ఆమె! అబద్ధం చెప్పేవాడి తొందర ఆమెకు కొత్త కాదు.

నాలుగో రోజు మధ్యాహ్నం మబ్బు పట్టింది. ఆ ఏడాది కరెంటు కోతల సంగతి తెలిసిందే కదా, రెండింటికే పోయింది. ఫ్యాను ఆగింది. వీధి వీధంతా సద్దుమణిగింది. వాకిట్లో యాదవ్వ ఒలిచిన మక్కలు సత్తు గిన్నెలో పడటం తప్ప ఏమీ వినపడటం లేదు. లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తోంది.

మొదటి రెండూ మామూలు కార్లు. ఒకదానికి నాజిల్, ఒకదానికి బెల్టు. మూడోది పెట్టింది యాదలక్ష్మి. తెర మీద నలభై సెకన్లని చూపిస్తోంది.

నర్సింగానికి మొదట ఏమీ వినపడలేదు. తర్వాత కొబ్బరికాయ, గంట, నాలుగు నిమ్మకాయలు వరసగా వచ్చాయి. ఆ తర్వాత జీపు. ఇక పైన ఏ కారు దడదడా లేదు. కేవలం జీపే, ఇంత దగ్గరగా, పొగ వాసన కూడా తగిలేంత దగ్గరగా. టంగ్, టంగ్, ఖాళీ. ఆపైన గొంతు.

"పోయొస్తనే అన్నా."

అన్నాడే గానీ పోలేదు. ఆ రోజైతే ఆ మాట వెంటనే గేరు పడింది, జీపు కదిలింది. ఇప్పుడు కదల్లేదు. ఇంజన్ తిరుగుతూనే ఉంది, వాకిలి ముందు, ఎవరో ఏదో అంటారని ఆగినట్టు. నర్సింగం హెడ్‌ఫోన్లు లాగి బల్ల మీద పడేశాడు.

"మామూలే. మామూలే అని రాయి."

యాదలక్ష్మి కీబోర్డు మీద చేతులు పెట్టలేదు.

"పొద్దుగాల హర్షిత్ ఫోన్ చేసిండు బావా. కొంతమంది ఇనకుంటనే మామూలని రాస్తున్నరంట. అందుకని ఇయ్యాల ఒకటి ఉత్తదే పెడ్తున్నం, మీ బావకు జెప్పకు అన్నడు." ఆమె తెర వైపు చూపించింది. "గిదే అది. గీ దాన్ల బండే లేదు. అమెరికాల ఎక్కడిదో ఖాళీ షెడ్డంట. మరి ఏం ఇన్నరు మీరు? ఏం మామూలు?"

యాదలక్ష్మి హెడ్‌ఫోన్లు తీసి తన చెవులకు పెట్టుకుంది. ఆమె మొహాన్ని చూస్తూ కూర్చున్నాడతను. ఏమీ వినిపించకూడదని ఏడుపాయల తల్లికి మొక్కుకున్నాడు. ఖాళీ షెడ్డే వినిపించాలి, తనకు పిచ్చి పట్టిందని తేలాలి. పిచ్చయితే ఎంత బాగుండు!

ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. చెయ్యి నోటికి అడ్డం వెళ్ళింది. హెడ్‌ఫోన్ల వైరు కొసను పట్టుకుని లాప్‌టాప్ నుంచి పీకేసింది.

జీపు చప్పుడు గది నిండా పరుచుకుంది. టంగ్, టంగ్, ఖాళీ. దానిలోంచి యాదలక్ష్మి గొంతే, ఆరేళ్ళు చిన్నది, భయంభయంగా వచ్చింది.

"ఏందో చప్పుడొస్తుందయ్యా. రెండు గొడుతుంది, మూడోది మింగుతుంది."

దానికి పరమేశ్ నవ్వు. ఆ మీదట మాట. ఆ రోజు రెండడుగుల దూరంలో నిలబడి కూడా, ఇంజన్ రొదలో, నర్సింగం వినలేకపోయిన మాట.

"మా అన్న గాడనే నిలబడ్డడు గదనే పిచ్చిదానా. చప్పుడుంటే అన్న జెప్పడా?"

వాకిట్లో మక్కలు పడటం ఆగిపోయింది.

"పరమేశ్ అచ్చిండా?" అంది యాదవ్వ బయట నుంచి.

నర్సింగం లేచాడు. ఆ గదిలో ఉండలేక, యాదలక్ష్మి మొహం చూడలేక వాకిట్లోకి వచ్చి తల్లి మంచం ముందు కింద కూలబడ్డాడు. ఆరేళ్ళుగా దాచుకున్నది ఒక్కసారిగా బయటికొచ్చింది.

"అమ్మా, ఆ దినం నాకు ఇనొచ్చిందే. బేరింగు చప్పుడు. యాదలక్ష్మి జెప్పింది నిజమే. నేనే అబద్ధమాడిన."

యాదవ్వ ఆశ్చర్యపోతుందనుకున్నాడు. కొడుతుందనుకున్నాడు, గుండెలు బాదుకుంటుందనుకున్నాడు. ఆమె చేతిలోని కంకిని తిప్పి చూసుకుంటూ, మామూలుగా అంది.

"నాకెర్కనే కొడుకా."

"ఏం ఎర్క?"

"నువ్వు చెవొగ్గినవు. చెయ్యి లేపినవు. మల్ల దించినవు. హారతి పళ్ళెం పట్టుకోని నీ పక్కకే ఉన్న గద నేను."

"మరి యాదలక్ష్మిని గన్ని మాటలు వడనిస్తివి..."

"ఒక్క కొడుకు పోయిండు. ఉన్నోని మీదికి గూడ తెచ్చుకోవాల్నా?" యాదవ్వ కంకిని పక్కన పడేసింది. "ఎవల మీదనో ఒకల మీద వడాలె గద బిడ్డా. అది పరాయింటి పిల్ల."

నర్సింగం తలెత్తాడు. గడప మీద యాదలక్ష్మి నిలబడి ఉంది. ఎప్పటినుంచి ఉందో గానీ అన్నీ విన్నదని మొహమే చెబుతోంది. అరుస్తుందనుకున్నాడు. అరిస్తే బాగుండునని కోరుకున్నాడు కూడా. ఆమె అత్తను చూసింది, బావను చూసింది.

"ఇద్దరికి ఎర్కే" అంది.

గదిలో జీపు తిరుగుతూనే ఉంది. నలభై సెకన్ల రికార్డు ఎప్పుడో అయిపోవాలి. అయిపోలేదు.

"ఆరేండ్ల సంది, నా నోటితోనే ఆయినెను సంపుకున్న అనుకుంటున్న. నిద్రల గూడ గదే. నేను గా మాట అనకపోతే బతికేటోడేమో అని" అంది యాదలక్ష్మి. ఆమె ఏనాడూ బావను నువ్వు అనలేదు. ఇప్పుడు అంది. "ఆయినె ఇంక ఆగే ఉన్నడు. నీ కోసమే ఆగిండు. పోయి జెప్పు."

నర్సింగం గదిలోకి వెళ్ళాడు. ఖాళీ షెడ్డని రాసి ఉన్న ఆ తెర ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఎవరైనా చూస్తే నవ్విపోతారన్న ధ్యాస కూడా లేదు. ఆ చప్పుడులో ముఖం పెట్టి, వాకిట్లో నిలబడ్డ తమ్ముణ్ణి పిలిచినట్టే పిలిచాడు.

"పరమేశా, దిగురా. పోకు. బేరింగు గొడుతుంది, బండి దిగు."

ఒక్క క్షణం ఏమీ మారలేదు. టంగ్, టంగ్, ఖాళీ. తర్వాత ఇంజన్ ఒకసారి ఊగి ఆగిపోయింది. హ్యాండు బ్రేకు గుంజిన చప్పుడు. జీపు తలుపు తెరుచుకుంది. "గట్లనా అన్నా" అన్నాడు పరమేశ్, దిగుతూ దిగుతూ, ఏ దిగులూ లేని గొంతుతో. "అయితే రేపు పోత తియ్యి."

ఆ మీదట అమెరికాలో ఎక్కడిదో ఖాళీ షెడ్డు వినిపించింది. రేకు కప్పు మీద గాలి, ఇంకేమీ లేదు. అది కూడా కాసేపటికి ఆగిపోయింది.

నర్సింగం నేల మీద ముడుచుకుపోయి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. వాకిట్లో యాదవ్వ కొడుకు పేరు పట్టి ఏడుస్తోంది. యాదలక్ష్మి ఏడవలేదు. లోపలికొచ్చి అతని పక్కనే కాసేపు నిలబడి, ఎవరూ లేని ఆ తెర వైపు చూసింది.

"గంతే గదా బావా" అంది. "ఒక్క మాట."